ముప్పై వేల ముప్పై ఒకటో మనిషి

శిబిరం నుంచి

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం అని రాద్దామని కలం తీశాను గానీ చెయ్యి ఒప్పుకోవడం లేదు. ముందు సంగతి విను.

ఆటల పోటీల ప్రారంభోత్సవానికి పెద్ద మైదానంలో జనం చేత డ్రిల్లు చేయించే పని నాకు అప్పజెప్పారని చెప్పాను కదా. వచ్చేవాళ్ళంతా మామూలు ఊరి జనమే. బస్సు డ్రైవర్లు, నర్సులు, బట్టల కొట్ల వాళ్ళు, దర్జీలు. మొదట్లో పోటీల సంఘం అధ్యక్షులవారు నన్ను పిలిచి ఎంతమంది కావాలని అడిగారు. "ముప్పై వేల ముప్పై మంది కావాలండి" అన్నాను. "ఆ చివర ముప్పై ఎందుకయ్యా, తోకలాగా?" అని ఆయన నవ్వారు.

ఆ తోకలోనే కిటుకంతా ఉందని నీకు చెప్పక్కర్లేదు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, ఈ ఆరింటినీ కలిపి గుణిస్తే వచ్చేది ముప్పై వేల ముప్పై. నేను ఈల వేస్తే జనం జంటలవుతారు. మళ్ళీ వేస్తే ముగ్గురేసి. మళ్ళీ వేస్తే ఐదుగురేసి, ఏడుగురేసి. పదమూడు దాకా ఈ ఆరింటిలో ఎలా పిలిచినా ఒక్క మనిషి మిగలడు. వరుస తెగదు. డ్రిల్లు మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? నెలరోజులు నేను కాలు నేలమీద పెట్టలేదనుకో.

నిన్న అధ్యక్షులవారు తమ అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. "మావాణ్ణి కూడా ఎక్కడో ఓచోట నిలబెట్టండి మాస్టారూ. పొద్దస్తమానం ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నాడు" అన్నారు. కాదనడానికి నాకెన్ని గుండెలు? సరేనన్నాను. లెక్క ముప్పై వేల ముప్పై ఒకటి అయింది.

జంటలు అన్నాను. అల్లుడు మిగిలాడు. ముగ్గురేసి అన్నాను. అల్లుడే మిగిలాడు. ఐదుగురన్నా అల్లుడే, ఏడుగురన్నా అల్లుడే. చివర చేరినవాడు కదా, ప్రతిసారీ అతనే ఒక పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు వెతుక్కుంటూ నిలబడ్డాడు. ఏనుగు దూరింది, తోక చిక్కింది. పైన మెట్ల మీద కూర్చున్న అధ్యక్షులవారి అమ్మాయి కొంగుతో కళ్ళొత్తుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

అధ్యక్షులవారు నన్ను పక్కకి పిలిచారు. "మా ఇంటి అల్లుణ్ణి ఇంతమంది ముందు వెలేసినట్టు నిలబెడతావా? చివరి రిహార్సల్లో మావాడు వరుస బయట కనబడ్డాడో, ఆ ఈల ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్ళు" అన్నారు.

యాభై దాటినవాడికి ఈల ఊదే ఉద్యోగం మళ్ళీ ఎవడిస్తాడే? మీ వదినకి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. నువ్వు లెక్కల టీచరువి, ఏదో ఒక దారి చూపించు. వెంటనే రాయి.

ఇట్లు,
కాళ్ళూ చేతులూ ఆడని నీ అన్నయ్య

తా.క. ప్రారంభోత్సవం గుట్టు బయటికి పొక్కకూడదని మా ఫోన్లు తీసేసుకున్నారు. ఉత్తరాలు కూడా ఎవరో తెరిచి చదువుతారట. కాబట్టి మా అధ్యక్షులవారు బంగారంలాంటి మనిషని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

తనిఖీ గది తా.క. పై ఉత్తరం చదవడమైనది. అంకెలు ఎక్కువగా ఉన్నవి. ఇవి రహస్య సంకేతాలు కావని హామీ ఇవ్వవలెను. అధ్యక్షులవారిని గురించిన చివరి వాక్యం నమ్మశక్యంగా లేదు.

*

అన్నయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతూ ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్కన డ్రాయింగ్ టీచరు ఏమైందని అడిగింది. చెబుతుంటే నీ ఉద్యోగం సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపి కాగితం తీశాను.

చూడు, నువ్వు ఏరికోరి తెచ్చుకున్న సంఖ్య అది. రెండుకీ మూడుకీ ఐదుకీ అందరికీ సమానంగా పంచుకొచ్చే సంఖ్య. సరిగ్గా అందువల్లే, దానికి ఒకటి కలిపావంటే వాటిలో ఏ ఒక్కదానితోనూ పోదు. దేంతో భాగించినా ఒకటి మిగులుతుంది. ఇన్నాళ్ళూ నీకు దండాలు పెట్టిన అంకెలే ఒక్క మనిషి రాగానే ఏకమై నీ మీద తిరగబడ్డాయి.

ఇంకో దుర్వార్త. రెండూ మూడూ గుణించి ఒకటి కలిపితే ఏడు. అది ప్రధాన సంఖ్య. అంటే ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదు. ఐదునీ కలిపి గుణించి ఒకటి వేస్తే ముప్పై ఒకటి. అదీ ప్రధానమే. ఏడుని కూడా చేరిస్తే రెండు వందల పదకొండు, పదకొండుని చేరిస్తే రెండు వేల మూడు వందల పదకొండు. అవీ అంతే. ఆ తర్వాత పదమూడుని చేరిస్తే వచ్చేది నీ సంఖ్య. కాబట్టి నీదీ ప్రధాన సంఖ్యే, సందేహం లేదు. అందరినీ ఒకే బారున నిలబెట్టాలి, లేకపోతే ఒకడి వెనక ఒకణ్ణి నిలబెట్టాలి. మూడో దారి లేదు అన్నయ్యా.

నా మాట విని, ఎవరో ఒకణ్ణి ఇంటికి పంపించెయ్. అంతమందిలో ఒక్కడికైనా కడుపునొప్పి రాకపోతుందా? మళ్ళీ ముప్పై వేల ముప్పై అవుతుంది, అల్లుడుగారు లోపల ఇమిడిపోతారు. మిగిలేవాడంటూ ఉండడు.

దిగులు పెట్టుకోకు. వేళకి తిను.

నీ చెల్లెలు

తా.క. తనిఖీ గది అయ్యవారికి: ఇవి సంకేతాలు కావు, ఎక్కాలు. పరాయివాళ్ళ ఉత్తరాలు చదివేంత తీరిక ఉన్నప్పుడు ఎక్కాలు కూడా ఓసారి తిరగెయ్యవచ్చు.

తనిఖీ గది తా.క. హామీ స్వీకరించడమైనది. నాకు ఎక్కాలు పదమూడు దాకా వచ్చును. ఈ ఉత్తరాల్లో "మిగిలాడు", "మిగిలేవాడు" అన్న మాటలు పదేపదే వచ్చుచున్నవి. మనిషిని అలా అనుట మర్యాదేనా అని విచారణ.

*

శిబిరం నుంచి

చెల్లాయికి,

ఆశీస్సులు తర్వాత. నీ సలహా వల్ల నా తలప్రాణం తోకకొచ్చింది.

కడుపునొప్పివాడు దొరకలేదు గానీ జ్వరంవాడు దొరికాడు. ఒక దర్జీ. పాపం అతను వణుకుతూ వస్తే నాకు పట్టరాని సంతోషం వేసింది. నేనే రిక్షా పిలిచి, దుప్పటి కప్పి, పూర్తిగా తగ్గేదాకా రావద్దని ఒట్టు వేయించుకుని పంపాను. ముప్పై వేల ముప్పై! జంటలన్నాను, కుదిరింది. ముగ్గురన్నాను, కుదిరింది. ఐదుగురు అనడానికి ఈల నోట్లో పెట్టుకున్నానో లేదో, అధ్యక్షులవారి కారు వచ్చి ఆగింది. "ఒక ఖాళీ వచ్చిందటగా, మా డ్రైవర్ని పెట్టుకోండి, చాలా రోజులుగా సరదాపడుతున్నాడు" అన్నారు. డ్రైవరు అల్లుడి పక్కన చేరాడు. కథ మొదటికొచ్చింది. మళ్ళీ చివర మిగిలేది అల్లుడే, ఎందుకంటే డ్రైవరు ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడే రకం, అల్లుడు "మీరు రండి, మీరు రండి" అని అందరికీ దారి ఇచ్చే రకం.

ఇక నువ్వు చెప్పిన రెండో దారి. ఒకడి వెనక ఒకణ్ణి నిలబెట్టాను. బారు మైదానం దాటింది, గేటు దాటింది, ఆసుపత్రి సందులోంచి మలుపు తిరిగి మార్కెట్ దాకా వెళ్ళింది. ఇక్కడ నేను ఈల వేస్తే అక్కడికి వినబడదు. ముందున్నవాళ్ళు వందనం చేసి, చేతులు దించి, మంచినీళ్ళు తాగుతుంటే వెనకవాళ్ళు ఇంకా ఈల కోసం చెవులు రిక్కించి ఉన్నారు. బస్టాపు దగ్గర మా వాళ్ళని చూసి బస్సు కోసమే నిలబడ్డారనుకుని ప్రయాణికులు మధ్యలో దూరారు. బస్సు రాగానే మా వాళ్ళు కూడా కొందరు అలవాటు చొప్పున ఎక్కేశారు. "మావాడేడీ?" అని అధ్యక్షులవారు అడిగితే, "మార్కెట్లో, ఇనప సామాన్ల కొట్టు ముందు ఉన్నారండి" అని చెప్పాల్సివచ్చింది. ఆయన చూసిన చూపుకి నా గుండెల్లో రాయి పడింది.

నిద్ర లేదు. కనబడిన ప్రతిదాన్నీ లెక్కపెడుతున్నాను. కిటికీ ఊచలు, చెప్పుల జతలు, గోడమీద మేకులు. ఇవాళ పొద్దున చొక్కా గుండీలు లెక్కపెట్టాను. ఏడు. ప్రధాన సంఖ్య! భయమేసి ఒకటి పీకేశాను.

చివరి రిహార్సల్ దగ్గరపడుతోంది. నన్ను పంపించేస్తే పంపించెయ్యనీ, కానీ యాభై ఏళ్ళొచ్చి వరుస నిలబెట్టడం చేతకాలేదని పేరు పడితే ఎలాగే? మరోసారి ఆలోచించు.

ఇట్లు,
ఆరు గుండీల అన్నయ్య

తా.క. ఉద్యోగం ఎలా ఉందని మీ వదిన రాసింది. "చాలా పొడుగ్గా సాగుతోంది" అని జవాబు రాశాను. అబద్ధం కాదు కదా.

తనిఖీ గది తా.క. టీచరుగారికి ఒక సందేహం. ఇది ఉద్యోగరీత్యా కాదు. ఎలా నిలబెట్టినా ఒక మనిషికి చోటు దొరకలేదంటే, తప్పు ఆ మనిషిదా, సంఖ్యదా? తీరిక ఉంటే రాయగలరు. తీరిక లేకపోయినా రాయగలరు.

*

అన్నయ్యకి,

నమస్కారాలు అవీ కుదురుగా రాసే స్థితిలో లేను. మొత్తం చదివేదాకా ఉత్తరం కింద పెట్టకు.

తప్పు ఎవరిదని మీ తనిఖీ గది మహానుభావుడు అడిగాడు చూడు, ఆ ప్రశ్న నన్ను ముల్లులా పొడిచింది. పరీక్ష హాల్లో పిల్లలకి కాపలా కూర్చుని జవాబు రాద్దామని కాగితం తీశాను. "తప్పు సంఖ్యదే, దాన్ని ఎవరూ భాగించలేరు" అని రాశాను. రాశాక, భాగించి చూశావా అని నన్ను నేనే అడిగాను. చూడలేదు అన్నయ్యా. ఏడు, ముప్పై ఒకటి, రెండు వందల పదకొండు, రెండు వేల మూడు వందల పదకొండు, ఈ నాలుగూ అలా ఉన్నాయి కదా, ఐదోది అలా ఉండక చస్తుందా అనుకున్నాను. పెళ్ళిచూపుల్లో నలుగురు అక్కలు నిదానస్తులని ఐదోది కూడా నిదానమే అనుకున్నట్టు.

వెంటనే మొదలుపెట్టాను. పదిహేడుతో భాగిస్తే తొమ్మండుగురు మిగిలారు. పందొమ్మిదితో పదకొండు మంది. ఇరవై మూడుతో పదహారు, ఇరవై తొమ్మిదితోనూ పదహారు. నీ దగ్గర ఒక్కడే మిగులుతున్నాడు, నా దగ్గర గుంపులు గుంపులుగా మిగులుతున్నారు. నలభై ఏడు దగ్గర నలభై ఐదుగురు మిగిలారు. ఇంకో ఇద్దరుంటే నిండిపోయేది కదా అని ఏడుపొచ్చినంత పనైంది. ఓ పిల్ల లేచి "టీచర్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. కూర్చోమన్నాను. యాభై మూడు చూశాను, ముప్పై ముగ్గురు. ఇక వదిలేద్దామనుకుంటూనే యాభై తొమ్మిది వేశాను.

ఎవరూ మిగల్లేదు!

యాభై తొమ్మిది వరుసలు. వరుసకి ఐదు వందల తొమ్మిది మంది. గుణించి చూసుకో, సరిగ్గా ముప్పై వేల ముప్పై ఒకటి వస్తుంది. నీ సంఖ్య ప్రధాన సంఖ్య కానే కాదు. ఆ వరసలో అక్కలంతా ఒక తీరు, ఇది ఒక్కటే వేరు తీరు. కాకపోతే యాభై తొమ్మిదీ, ఐదు వందల తొమ్మిదీ మాత్రం ఎవరికీ లొంగని సంఖ్యలే. కాబట్టి ఇదొక్క అమరికే ఉంది, ఇంకోటి లేదు. అటు తిప్పి నిలబెట్టుకో, ఇటు తిప్పి నిలబెట్టుకో, అంతే.

జంటలూ మూళ్ళూ మర్చిపో. రేపే మొదలుపెట్టు.

నీ చెల్లెలు

తా.క. తనిఖీ గది వారికి: తప్పు మనిషిదీ కాదు, సంఖ్యదీ కాదు. పదమూడు దగ్గర ఆగిపోయి, అంతా చూసేశానని చెప్పిన నాది. మిమ్మల్ని ఎక్కాలు చదువుకోమన్నందుకు ఏమీ అనుకోకండి.

తనిఖీ గది తా.క. ఏమీ అనుకోలేదు. భాగహారం నేను కూడా చేసి చూసితిని. సరిపోయినది. మళ్ళీ చేసితిని. మళ్ళీ సరిపోయినది. ఈ ఉత్తరం మామూలుగా రెండు రోజులకి గాని మాస్టారిని చేరదు. నేనే పరుగెత్తుకుని వెళ్ళి వారి తలుపు కిందినుంచి లోపలికి తోయుచున్నాను.

*

శిబిరం నుంచి

నా బంగారు చెల్లాయికి,

నీ నోట్లో పంచదార పొయ్యా, కుదిరిందే!

ఇవాళ చివరి రిహార్సల్. మైదానం వెడల్పు చాలక ఒక్కో మనిషికీ అడుగున్నర చోటే ఇవ్వగలిగాను. చేతులు పక్కకి చాపితే పక్కవాడి చెంప పగులుతుంది. అందుకని చేతుల డ్రిల్లంతా తీసేశాను. మిగిలింది తల ఊపడం, గెంతడం. ఏం ఫరవాలేదు. ఈల వేశాను. యాభై తొమ్మిది వరుసలూ ఒక్కసారి గెంతాయి. మెట్ల మీద కుర్చీలు అదిరాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాను, ఒక్క ఖాళీ లేదు, ఒక్క మనిషి బయట లేడు. నా ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి వరుస నేను చూడలేదు. కళ్ళు మసకబారి కాసేపు ఈల వెయ్యడం మర్చిపోతే, పాపం జనం గెంతుతూనే ఉన్నారు.

ఆ గెంతుల మధ్యే అధ్యక్షులవారు దుర్భిణీ కళ్ళకి పెట్టుకున్నారు. ఇటు చూశారు, అటు చూశారు.

"మావాడేడీ?" అన్నారు.

నేను చూశాను. కనబడలేదు. వారి అమ్మాయి చూసింది. కనబడలేదు. మైకులో పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ముప్పై వేలమందిలో అల్లుడు కరిగిపోయాడు.

అధ్యక్షులవారి మొహం కందగడ్డలా అయింది. "మా ఇంటి అల్లుణ్ణి తీసుకెళ్ళి దర్జీల్లో డ్రైవర్లలో కలిపేస్తావా? చూడటానికి వచ్చే పెద్దమనుషులకి నేను వేలు పెట్టి చూపించొద్దూ? ఎల్లుండి ప్రారంభోత్సవంలో మావాడు అందరికంటే ముందు, విడిగా, ఒక్కడే నిలబడాలి. తెల్ల సూటు కుట్టిస్తున్నాను. లేదంటే ఈల పెట్టేసి పో" అన్నారు.

విన్నావా? ఒంటరిగా నిలబెట్టానని మొన్న ఈల పెట్టేసి పొమ్మన్నాడు, నిలబెట్టలేదని ఇవాళ పొమ్మంటున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతన్ని బయటికి లాగితే అంత నిండు వరుసలో పన్ను ఊడినట్టు ఖాళీ పడుతుంది. ముప్పై వేల ముప్పై మందికి పాత అమరికలు కుదురుతాయి నిజమే, కానీ జనం అవన్నీ మర్చిపోయారు, మళ్ళీ నేర్పే వ్యవధి లేదు. ఆ ఖాళీ చూస్తూ ఈల ఊదడం నావల్ల కాదు. పెట్టె సర్దేశాను.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. ఈ ఉత్తరం నీకు అందేసరికి ప్రారంభోత్సవం అయిపోయి ఉంటుంది. ఉద్యోగం మిగిలితే ఇంకో ఉత్తరం వస్తుంది. మిగలకపోతే నేనే వస్తాను. పై గదిలో మంచం వేయించు. మీ వదినకి మాత్రం నువ్వే చెప్పాలి.

తనిఖీ గది తా.క. మంచం వేయించవద్దు.

*

శిబిరం నుంచి

లెక్కల టీచరుగారికి,

తనిఖీ గది నుంచి నమస్కారాలు. మీ అన్నగారు బాగున్నారు. ఉద్యోగం కూడా బాగుంది. ఆయనే రాస్తానన్నారు గానీ, ప్రారంభోత్సవం ముగిసిన దగ్గర్నుంచీ బూట్లు కూడా విప్పకుండా నిద్రపోతున్నారు. లేపడానికి మనసొప్పలేదు. అందుకని నేను రాస్తున్నాను. ఇది సొంత ఉత్తరం కాబట్టి "వచ్చును, పోవును" అని కాకుండా మామూలుగా రాస్తాను.

నేనెవరో మీకు చెప్పలేదు. ఆ మిగిలినవాణ్ణి నేనే. అధ్యక్షులవారి అల్లుణ్ణి. పొద్దున మైదానంలో నిలబడతాను, మధ్యాహ్నం ఈ గదిలో ఉత్తరాలు తెరుస్తాను. మైదానంలో చేర్చిన రోజే ఈ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా మామగారే. నన్ను ఎక్కడ పెట్టాలన్నది ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక సమస్యే.

మామగారింట్లో భోజనాల బల్లకి ఎనిమిది కుర్చీలు. అందరూ కూర్చున్నాక నేను తొమ్మిదోవాణ్ణి. వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చి మూల వేస్తారు. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. ఇంకో కుర్చీ కొనాలని ఎవరికీ తట్టలేదు, అంతే. మా ఆవిడ మంచిది. తను స్టూలు మీద కూర్చుని కుర్చీ నాకిస్తానంటుంది. అప్పుడు అందరూ తినడం ఆపి మమ్మల్నే చూస్తారు. అందుకని నేను నాకు స్టూలే ఇష్టమని చెప్పేశాను.

మైదానంలో ఈల వేసినప్పుడల్లా నేను బయటపడుతుంటే, ఇక్కడా అంతే కదా అనుకున్నాను. మీ మొదటి ఉత్తరంలో "మూడో దారి లేదు" అని చదివి, చదువుకున్నవాళ్ళు కూడా అదే అంటున్నారని ముద్ర వేసి పంపేశాను. మీరు నిజంగా కూర్చుని, పరీక్ష హాల్లో, నాకోసం అన్ని భాగహారాలు చేస్తారని నేను అనుకోలేదు. నాకోసమని మీకు తెలియదు. అయినా చేశారు కదండీ.

రిహార్సల్ రోజు నేను ముప్పై ఏడో వరుసలో ఉన్నాను. ఎడమపక్క ఒక బస్సు కండక్టరు, కుడిపక్క ఒక నర్సమ్మ. కండక్టరు అలవాటు కొద్దీ "జరగండి సార్, ముందుకి జరగండి" అంటూనే ఉన్నాడు. నేను కాస్త వెనక్కి తగ్గితే నర్సమ్మ మోచెయ్యి పట్టుకుని లాగి, "మీరలా కదిలితే మా అందరి వరుసా వంకరపోతుంది, ఉండండక్కడ" అని కసిరింది. మైకులో నా పేరు పిలవడం మూడుసార్లూ వినబడింది. నేను పలకలేదు. ఏడుపు వచ్చింది. గెంతుతున్నాం కాబట్టి ఎవరూ చూడలేదు.

ప్రారంభోత్సవం పొద్దున మామగారు తెల్ల సూటు పట్టుకుని మైదానంలోకి వచ్చారు. మీ అన్నగారు ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో ఈల పట్టుకుని, రక్తం లేని మొహంతో నిలబడ్డారు. పెళ్ళయ్యాక మామగారితో "అలాగేనండి" తప్ప నేను ఇంకో మాట అని ఎరగను. ఆ రోజు అన్నాను. "మావయ్యగారూ, నేను బయటికి వస్తే నా చోటు ఖాళీ అవుతుంది. వరుస తెగకూడదు. మీరొచ్చి అందులో నిలబడతానంటే నేను ఇప్పుడే సూటు వేసుకుంటాను. మాస్టారిని పంపించేస్తానంటే మాత్రం ఆయన పెట్టె నేనే మోసుకుంటూ వెళ్ళిపోతాను" అన్నాను.

"నేనా? జనంలోనా?" అన్నారు మామగారు. కండక్టరు పక్కకి ఒత్తిగిలి, "రండి సార్, చోటుంది" అన్నాడు. మామగారు ముప్పై ఏడో వరుసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. తర్వాత సూటు మడిచి చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. మీ అన్నగారు పెట్టె దించి ఈల వేశారు. అంత గట్టిగా వెయ్యక్కర్లేదు గానీ వేశారు.

మా ఆవిడ మెట్ల మీద నుంచి నాకోసం ఆద్యంతం వెతికిందట. "ఎక్కడున్నావో ఏమో, ఎంత చూసినా దొరకలేదు" అని చెప్పి ఒకటే నవ్వు. తను అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

ఇట్లు,
ముప్పై ఏడో వరుసలో ఒకడు

తా.క. ఈ ఉత్తరం నేనే రాశాను, నేనే అంటించాను. నిబంధన ప్రకారం మళ్ళీ నేనే చింపి, చదివి, అభ్యంతరం లేదని ముద్ర వేశాను. ఏడుపు వచ్చింది అన్న చోట మాత్రం కొట్టేద్దామని ఎర్ర సిరా తీశాను. కాసేపు చూసి, ఉండనిచ్చాను.